చెట్టు కొట్టొద్దు, కొమ్మ కొట్టండి

కోనసీమలో ఒక పెంకుటిల్లు. పెరట్లో మూడు కొబ్బరిచెట్లు. ఒక మామిడి, ఒక మునగ. గోడవారన నిమ్మచెట్టు. వాకిట్లో వేపచెట్టు. పెరటి మూలన పశువుల పాక. పాక పక్కనే పెంటకుప్ప. ఆ వైపు ఊరూరా ఇలాంటి ఇళ్ళు ఉంటాయి.

ఆ ఇంట్లో అత్తకూ కోడలికీ ఒక తగువు వచ్చింది. డబ్బు గురించి కాదు. వంట గురించి కాదు. మునగచెట్టు గురించి.

మృగశిర కార్తెలో వానలు పడ్డాయి. రెండు మూడు వారాలకు మునగ మాను నిండా గొంగళి పురుగులు పట్టాయి. ఒకటి రెండు కాదు, గుంపులు గుంపులు. చంటివాడు ఆడుకుంటూ వెళ్ళి మానును కౌగిలించుకున్నాడు. చేతులు, మెడ, పొట్ట ఎర్రగా దద్దుర్లు తేలాయి. పిల్లవాడు రాత్రంతా ఏడ్చాడు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

తెల్లవారగానే కోడలు అంది: "అత్తయ్యా, ఈ చెట్టు మనకొద్దండి. ఇవాళే కొట్టించేద్దామండి."

అత్త ఒప్పుకోలేదు. "కాయ, ఆకు, పువ్వు అన్నీ పెట్టే చెట్టే అది. పురుగు పట్టడం చెట్టు తప్పు కాదమ్మాయ్. ఎండాకాలంలో కొమ్మలు కొట్టించలేదు. అది మన తప్పు."

పిల్లవాడి బాధ చూసిన తల్లికి కోపం రావడం సహజం. కానీ చెట్టు విషయంలో అత్త మాటే నిజం. ఎందుకో చూద్దాం.

పురుగు ఎక్కడినుంచి వచ్చింది?

గొంగళి పురుగు ఆకాశం నుంచి ఊడిపడదు. నిరుటి పురుగులే మునగచెట్టు కింద మట్టిలోకి దిగాయి. అక్కడ గూడు కట్టుకుని నిద్రపోయాయి. తొలకరి వానలకు మట్టి తడిసింది. అప్పుడు ఆ గూళ్ళలోంచి రెక్కల పురుగులు బయటికి వచ్చాయి. అవి మునగ లేత ఆకుల మీద, కొమ్మల మీద గుడ్లు పెట్టాయి. గుడ్లు పగిలితే గొంగళి పురుగులు. రాత్రి పూట పైకెక్కి ఆకు తింటాయి. పగలు మాను మీదికి దిగి గుంపుగా పడుకుంటాయి. పిల్లవాడు మానును పట్టుకున్నది పగలే.

దాని ఒంటి బొచ్చు పెళుసు. తగిలితే విరిగి చర్మంలో గుచ్చుకుంటుంది. దురద పుట్టేది అందుకే. అప్పుడు గోకకూడదు, గుడ్డతో రుద్దకూడదు. రుద్దితే బొచ్చు ఇంకా లోపలికి పోతుంది. అంటుకునే టేపు ముక్క చర్మం మీద అంటించి లాగాలి. బొచ్చు టేపుతో పాటు వచ్చేస్తుంది. తరవాత సబ్బునీళ్ళతో కడగాలి. వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. బొచ్చు కంట్లో పడినా, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక పురుగు సంగతి. అది పగలు మాను మీద గుంపుగా ఉండడం మంచిదే. వెతుక్కోనక్కర లేదు. బకెట్టులో సబ్బునీళ్ళు పెట్టుకుని, పొడుగాటి చీపురుతో వాటిని అందులోకి ఊడ్చేస్తే చాలు. చేతులకు, మెడకు గుడ్డ చుట్టుకోవాలి. కొందరు కాగడా వెలిగించి కాలుస్తారు. మాను పక్కన తాటాకు పాక, గడ్డివాము ఉన్నచోట ఆ పని చేయకూడదు. పురుగు పోతుంది, ఇల్లూ పోతుంది.

ఇదంతా పురుగు వచ్చాక చేసే పని. అసలు పని ముందు ఉంది. మునగకు ఎండాకాలంలో కాపు జోరుగా ఉంటుంది. కాయలు అయిపోయాక, రోహిణి కార్తెలో, అంటే మే నెలాఖరున, చెట్టును కొట్టాలి. మొదలంటా కాదు. నేల నుంచి మూడడుగుల ఎత్తు మాను ఉంచి, పైది తీసేయాలి. నెల తిరిగేలోగా కొత్త కొమ్మలు వస్తాయి. నాలుగైదు నెలల్లో మళ్ళీ కాపు వస్తుంది. కాయ చేతికందే ఎత్తులో ఉంటుంది. పురుగు పట్టినా కంటికి కనబడుతుంది. అదే సమయంలో చెట్టు చుట్టూ మట్టిని గునపంతో తిరగెయ్యాలి. నిద్రపోతున్న పురుగుల గూళ్ళు పైకొస్తాయి. కొన్ని ఎండకు మాడతాయి. మిగిలినవి కోళ్ళు, కాకులు చూసుకుంటాయి.

ఒకరిని పొగిడి పైకెత్తితే మునగచెట్టు ఎక్కించారు అంటారు. ఎక్కినవాడు పడక తప్పదని. మునగ కొమ్మ అంత పెళుసు. కాబట్టి చెట్టెక్కి కొట్టకూడదు. కింద నిలబడి దోటికి కత్తి కట్టి కొట్టాలి.

మునగ ఆకూ కాయా ఇంటిల్లిపాదీ తినేవి. పొలంలో కొట్టగా మిగిలిన పురుగుమందు ఉంది కదా అని దాని మీద కొట్టకూడదు. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. అంత విషం అది. పెరట్లో అలాంటివాటికి చోటు లేదు.

కొబ్బరి దగ్గర అత్త తప్పు

మునగ దగ్గర అత్త గెలిచింది. కొబ్బరి దగ్గరికి వచ్చేసరికి ఆమెకూ చెప్పుకోడానికి మాట లేదు.

ఆ పెరట్లో నిరుడు నాలుగు కొబ్బరిచెట్లు ఉండేవి. ఒకటి చచ్చిపోయింది. పదిహేనేళ్ళ చెట్టు, నిండుగా కాస్తున్న చెట్టు. ఒకరోజు మొవ్వు వాలిపోయింది. లాగితే చేతికి ఊడి వచ్చింది. దిష్టి తగిలిందని అత్త అంది. దిష్టి కాదు. రెండు పురుగులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

మొదట వచ్చేది కొమ్ము పురుగు. నల్లగా, రెండంగుళాల దాకా ఉంటుంది. తల మీద ఖడ్గమృగానికి ఉన్నట్టు ఒక కొమ్ము. రాత్రిపూట ఎగురుతుంది. ఇంకా విచ్చుకోని మొవ్వు ఆకును తొలుస్తుంది. ఆ ఆకు తరవాత విచ్చుకున్నప్పుడు కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. విసనకర్ర అంచులా ఉంటుంది. ఆ గుర్తు కనిపిస్తే కొమ్ము పురుగు వచ్చి వెళ్ళినట్టే.

కొమ్ము పురుగు తినేది కొబ్బరిని. కానీ పుట్టేది కొబ్బరి మీద కాదు. పెంటకుప్పలో! మాగుతున్న పేడలో, కుళ్ళుతున్న చెత్తలో, పడిపోయిన కొబ్బరి మానుల్లో గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క పురుగు నూటికి పైగా గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చే పిల్ల బొటనవేలంత లావు. తెల్లగా, అర్ధచంద్రంలా వంగి ఉంటుంది. పెంట తోడేటప్పుడు అందరూ చూసే పురుగే అది. మూడు నుంచి ఆరు నెలలు పేడలోనే పెరుగుతుంది. తరవాత రెక్కలొచ్చి కొబ్బరి మీదికి ఎగురుతుంది.

ఆ ఇంట్లో పెంటకుప్పను ఏడాదిపాటు కదపలేదు. కొడుకు పొలానికి తోలతానంటే, ధర చూసి అమ్ముదామని అత్త ఆపింది. అంటే ఇంటివాళ్ళే పెరటి మూలన కొమ్ము పురుగులను మేపారన్నమాట.

పెంటను ఆరు నెలలకు మించి కదపకుండా ఉంచకూడదు. రోహిణి కార్తెలో, వానలకు ముందే, పొలానికి తోలెయ్యాలి. తోడేటప్పుడు తెల్ల పురుగులను ఏరాలి. కోళ్ళకు వేస్తే పండగ చేసుకుంటాయి. కుప్పలో కలపడానికి మెటారైజియం అనే పచ్చబూజు మందు కూడా ఉంది. అది పురుగులకు జబ్బు తెప్పించే బూజు. మనుషులకు, పశువులకు విషం కాదు. పురుగు ఒంటి మీద పచ్చగా బూజు పెరిగి, పురుగు చస్తుంది. కొబ్బరికి వాడే ఇలాంటి బూజు మందుల గురించి అంబాజీపేటలోని పరిశోధనా స్థానంలో అడగవచ్చు. మండల ఉద్యాన అధికారిని అడిగినా చెబుతారు.

పడిపోయిన మాను సంగతి కూడా అంతే. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు కూలాయి. కూలిన మానును అలా వదిలేస్తే అది మెత్తబడి, కుళ్ళి, కొమ్ము పురుగులకు పుట్టిల్లు అవుతుంది. బతికిన చెట్లకు ఆపద అక్కడినుంచే వస్తుంది. మానును చీల్చి కట్టెలకు వాడుకోవాలి. లేదా కాల్చెయ్యాలి.

కొబ్బరి మొవ్వులో చేయాల్సిన పని దింపు తీసేవాళ్ళ చేతిలో ఉంది. కాయలు దింపడానికి ఎక్కినప్పుడు మొవ్వు శుభ్రం చేయమనాలి. ఎండిన మట్టలు, పీచు తీసెయ్యాలి. మొవ్వులో బెజ్జం ఉంటే కొక్కెం ఉన్న ఇనప చువ్వతో పురుగును గుచ్చి లాగెయ్యాలి. పాతికవంతు కిలో వేపపిండి, అంతే ఇసక కలిపి, పైనున్న మూడు మట్టల మొదళ్ళలో పొయ్యాలి. మే, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో, ఏడాదికి మూడుసార్లు. దీనికి అదనంగా పది ఇరవై రూపాయలు కూలి అడిగితే బేరం ఆడకూడదు. చెట్టు పోతే ఎన్ని దింపుల డబ్బు పోతుందో లెక్క వేసుకుంటే తెలుస్తుంది.

కొమ్ము పురుగు ఒక్కటే వస్తే చెట్టు చాలావరకు తట్టుకుంటుంది. దాని వెనక వచ్చేది ఎర్రముక్కు పురుగు. ప్రాణం తీసేది అదే. దానికి చెట్టును తొలిచే బలం తక్కువ. గాయం ఉన్నచోట గుడ్లు పెడుతుంది. కొమ్ము పురుగు చేసిన బెజ్జం దానికి దొరికిన తలుపు. మనిషి చేసిన గాయం ఇంకో తలుపు.

ఆ చచ్చిన చెట్టుకు అలాంటి తలుపులు ఇరవై ఉన్నాయి! ఎక్కడానికి వీలుగా ఉంటుందని మాను పొడుగునా కత్తితో మెట్లు కొట్టించారు. పచ్చి మట్టలను మొదలంటా నరికించారు. ఎర్రముక్కు పురుగు పిల్లలు లోపల చేరి మానును తినేశాయి. బెజ్జాల్లోంచి గోధుమరంగు జిగురు కారింది. మానుకు చెవి ఆనించి వింటే కరకర నమిలే చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు ఎవరూ వినలేదు.

మానుకు మెట్లు కొట్టకూడదు. పచ్చిమట్ట కొయ్యాల్సి వస్తే నాలుగడుగుల మొదలు ఉంచి కొయ్యాలి. అప్పుడు పురుగు కోసిన చోట గుడ్లు పెట్టినా మానుదాకా రాదు. మొవ్వు వాలి చచ్చిన చెట్టును నిలబెట్టి ఉంచకూడదు. నరికి, చీల్చి, కాల్చెయ్యాలి. లేకపోతే లోపలి పురుగులు పక్క చెట్టుకు పోతాయి. పక్కింటివాళ్ళ చెట్టుకూ పోతాయి.

కొబ్బరికి ఎలుకల బెడద కూడా ఉంది. లేత కాయకు తొడిమ దగ్గర గుండ్రంగా బెజ్జం పడి రాలితే అది ఎలుక పని. మానుకు ఆరడుగుల ఎత్తులో, మూరెడు వెడల్పు రేకు చుట్టాలి. ఎలుక కాళ్ళు జారి పైకి పోలేదు. పక్క చెట్టు కొమ్మ కొబ్బరికి తగులుతూ ఉంటే మాత్రం రేకు దండగ.

ఈ మధ్య కొబ్బరికి కొత్త బాధ ఒకటి వచ్చింది. సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడులో తొలిసారి కనబడింది. తరవాత గోదావరి జిల్లాలకూ వచ్చింది. ఆకు అడుగున తెల్లగా చుట్టలు చుట్టినట్టు గుడ్లు పెడుతుంది. కింద ఉన్న జామ, అరటి ఆకుల మీద తేనెలాంటిది కారి, నల్లగా మసి పడుతుంది. దీనికి ఘాటు మందులు కొడితే, దీన్ని తినే మేలు పురుగులు ముందు చస్తాయి. నీళ్ళు గట్టిగా చిమ్మి కడగడం, వేపనూనె చల్లడం మంచిది.

మామిడి: కోత అయ్యాక

మామిడికి కొమ్మలు కొట్టే కాలం కాయ కోసిన వెంటనే. జూన్, జూలై నెలలు. దసరా దాటాక కొమ్మ కొడితే వచ్చే ఏటి పూత పోగొట్టుకున్నట్టే.

మామిడి నడిమధ్య గుబురుగా ఉంటే అక్కడ ఎండ పడదు. గాలి ఆడదు. తేనెమంచు పురుగుకు అలాంటి చీకటి చోటే కావాలి. ఏడాదంతా అక్కడ దాక్కుని, పూత వచ్చే వేళకు బయటికి వచ్చి రసం పీలుస్తుంది. పూత మాడిపోతుంది. ఆకుల మీద జిగట, ఆ జిగట మీద మసి. కాబట్టి ఎండినవి, ఒకదానిమీద ఒకటి రాసుకునేవి, లోపలికి పెరిగేవి తీసెయ్యాలి. కింద నిలబడి పైకి చూస్తే అక్కడక్కడా ఆకాశం కనబడాలి.

లావు కొమ్మను పైనుంచి ఒక్కటే కోత కోస్తే సగంలో విరుగుతుంది. మాను బెరడును చీల్చుకుంటూ పడుతుంది. ఆ గాయం మానదు. ముందు మానుకు మూరెడు దూరంలో, కొమ్మ అడుగు వైపు కొద్దిగా కొయ్యాలి. తరవాత కొమ్మ కొస వైపు కొంచెం జరిగి, పైనుంచి కోసి కొమ్మను దించాలి. మిగిలిన మోడును ఆఖరున మాను దగ్గరగా, నున్నగా కొయ్యాలి. మోడు వదిలితే అది కుళ్ళి తొర్ర పడుతుంది. తొర్రలో వాననీరు నిలుస్తుంది. డెంగ్యూ తెచ్చే దోమకు ఆ కాసిని నీళ్ళు చాలు. వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. చెట్టు తొర్రను మట్టితో పూడ్చాలి. పెరట్లో పడేసిన కొబ్బరి చిప్పలను బోర్లించడం కాదు, తీసెయ్యాలి.

కోసిన చోట బోర్డోపేస్టు పుయ్యాలి. ఫ్రాన్సు దేశంలో బోర్డో అనే ఊరు ఉంది. అక్కడి ద్రాక్షతోటల్లో 1880ల్లో పుట్టిన మందు ఇది. ఇంట్లోనే చేసుకోవచ్చు. వంద గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీళ్ళలో కరిగించాలి. వంద గ్రాముల సున్నాన్ని ఇంకో అర లీటరులో కలపాలి. రెండూ కలిపితే లేత నీలం ముద్ద అవుతుంది. కుండలోగాని, ప్లాస్టిక్ బకెట్టులోగాని చెయ్యాలి. ఇనప గిన్నెలో చెయ్యకూడదు. ఇనప మేకు ఒకటి అందులో ముంచి చూడాలి. మేకు ఎర్రబడితే సున్నం చాలలేదని అర్థం. ఇంకొంచెం కలపాలి. మైలుతుత్తం విషం. పిల్లలకు అందకుండా పెట్టాలి. చేతులు కడుక్కోవాలి. ఆ కుండను మళ్ళీ వంటకు వాడకూడదు.

మామిడి మాను మొదట్లో రంపపు పొట్టు రాలినట్టు కనబడితే లోపల తొలిచే పురుగు ఉంది. బెజ్జంలో ఇనప తీగ పెట్టి పురుగును లాగాలి. కిరసనాయిల్లో తడిపిన దూది కుక్కి, బంకమట్టితో మూసెయ్యాలి.

రాలిన పుచ్చు కాయలను ఏ పూటకాపూట ఏరాలి. వాటిలోని పురుగు మట్టిలోకి దిగి, పండు ఈగ అయి తిరిగి వస్తుంది. ఏరినవాటిని పెంటకుప్ప మీద పడెయ్యడం చాలామంది చేసే పని. దానివల్ల లాభం లేదు. రెండడుగుల గొయ్యి తీసి పాతిపెట్టాలి.

ఇంటి కప్పు మీద కొమ్మ

కప్పును తాకే కొమ్మ ఎలుకకు, చీమకు, ఒక్కోసారి పాముకు నిచ్చెన. రాలిన ఆకు పెంకుల సందుల్లో చేరి కుళ్ళుతుంది. వానాకాలం ఇల్లు కారేది దానివల్లే. కప్పుకు, కొమ్మకు మధ్య నాలుగైదు అడుగుల ఖాళీ ఉండాలి. కొట్టిన కట్టెలను ఇంటి గోడకు ఆనించి పేర్చకూడదు. చెదలు కట్టెలతో మొదలుపెట్టి ద్వారబంధాల దాకా వస్తాయి.

కరెంటు తీగల దగ్గర కొమ్మ మాత్రం ఇంటివాళ్ళు కొట్టకూడదు. తడి కొమ్మలోంచి కరెంటు పారుతుంది. లైన్‌మన్‌కు చెప్పి, సరఫరా ఆపించి కొట్టించాలి. ఆయన రావడానికి నాలుగు రోజులు పట్టినా ఆగాలి.

వేపకు ఏ పురుగూ పట్టదని పెద్దలు అంటారు. పూర్తిగా నిజం కాదు. 2021లో తెలంగాణలో వేల వేపచెట్లు కొసల నుంచి ఎండిపోయాయి. టీ దోమ అనే పురుగు, దానితోపాటు ఒక బూజు తెగులు అందుకు కారణం. చెట్టు చచ్చిందని కొందరు నరికేశారు. చాలా చెట్లు మళ్ళీ చిగిర్చాయి. ఎండిన కొసలు కత్తిరించి కాల్చడం, కొన్నాళ్ళు ఆగి చూడడం మేలు.

ఆ వేపే పెరటికంతటికీ మందు ఇస్తుంది. జూన్, జూలైలో పళ్ళు రాలతాయి. ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టాలి. పప్పు తీసి దంచాలి. లీటరు నీళ్ళకు 50 గ్రాముల పొడి. రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి, కాస్త సబ్బు కలిపి, ఎండ తగ్గాక చల్లాలి. నిమ్మ ఆకు తినే పురుగుకు ఇది పనికొస్తుంది. ఆ పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. అందుకే చూసినవాళ్ళు కూడా వదిలేస్తారు. కరివేపాకు మీదా అదే ఉంటుంది.

ఆ ఇంట్లో తగువు మూడో రోజుకు తీరింది. కోడలు చీపురు, సబ్బునీళ్ళు పట్టింది. అత్త దగ్గరుండి పెంటకుప్ప తోలించింది. తోడుతుంటే బుట్టెడు తెల్లపురుగులు వచ్చాయి. "ఇన్నీ నేనే పెంచానా!" అని అత్త ముక్కున వేలేసుకుంది.

సాయంత్రం కోడలు గోడమీది క్యాలెండరు దింపింది. అత్త చెబుతూ ఉంటే నెల నెలకు ఎదురుగా రాసింది. మే నెల దగ్గర మునగ, పెంట. జూలై దగ్గర మామిడి. సెప్టెంబరు, డిసెంబరు దగ్గర వేపపిండి. రాయడం అయ్యాక అత్త కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"మే దగ్గర కొబ్బరి రాయలేదేం అమ్మాయ్?" అంది.

కోడలు పెన్సిలు మళ్ళీ అందుకుంది.